జమీ పోయాక పట్టా ఎవరికొచ్చింది?

పాతపట్నం ప్రాంతంలో ఒక పొలం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలంటే మూడు జిల్లాల కాగితాలు తిరగెయ్యాలి. 1936కు ముందు రాసిన దస్తావేజైతే దాని మీద గంజాం జిల్లా అని ఉంటుంది. ఆ తర్వాతి పద్నాలుగేళ్లవి విశాఖపట్నం జిల్లా పేరుతో ఉంటాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది కాబట్టి అక్కణ్ణుంచి వచ్చినవి ఆ పేరుతో ఉంటాయి. ఆ పొలానికి ఒకప్పుడు శిస్తు వసూలు చేసిన పర్లాకిమిడి సంస్థానం సంగతి చూద్దామంటే ఆ పట్నం ఇప్పుడు ఒడిశాలో ఉంది. మహేంద్రతనయ నది చెంతనున్న పాతపట్నానికి పర్లాకిమిడి కూతవేటు దూరం. నౌపడా నుంచి తన పట్నానికి పర్లాకిమిడి రాజు వేయించుకున్న చిన్న రైలు 1900 నుంచీ పాతపట్నం మీదుగానే నడిచింది. ఇంత దగ్గరి ఊళ్ల మధ్య రాష్ట్రాల గీత పడింది. ఒక్క జమీందారీ భూములు రెండు చట్టాల కిందికి వెళ్లిపోయాయి.

ఉత్తరాంధ్ర జమీందారీల గురించి రాసినవాళ్లకు కొదవలేదు. విజయనగరం, బొబ్బిలి, సాలూరు, కురుపాం, మేరంగి, మందస, తర్లా, టెక్కలి, ఉర్లాం... ఒక్కో గద్దెకు ఒక్కో వంశచరిత్ర ఉంది. ఎవరు ఎవరికి దత్తత వెళ్లారు, ఏ యుద్ధంలో ఎవరు నేలకొరిగారు, కోట ఎప్పుడు కట్టారు అన్నవన్నీ వాటిలో దొరుకుతాయి. భూమి ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం వాటిలో జవాబు చాలా తక్కువ. దున్నే మనిషి పేరు ఏ కాగితంలోకి ఎప్పుడెక్కింది, ఎప్పుడు జారిపోయింది అన్న దారి పట్టుకుంటేనే ఒక ఎస్టేటు యాజమాన్య చరిత్ర తెలుస్తుంది.

కంపెనీ రాకముందు ఈ గద్దెల హక్కులో రెండు ముక్కలుండేవి. ఒకటి పన్ను వసూలు, రెండోది ఆయుధం పట్టిన బలగం. పర్లాకిమిడి రాజుల కింద కొండ దారులు కాసే బిసోయిలు ఉండేవారు. కాపలా పనికి బదులుగా వాళ్లు భూములు అనుభవించేవారు. పైవాడికి కప్పం కట్టడం, కట్టకుండా ఎదురు తిరగడం, ఓడిపోతే మళ్లీ రాజీ పడటం, అంతా బలాబలాల లెక్క. సర్కారు జిల్లాలు ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చాక 1768లో కర్నల్ పీచ్ సేన జలుమూరు దగ్గర పర్లాకిమిడి నారాయణదేవును ఓడించింది. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర విజయనగరం విజయరామరాజు ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయన కొడుకు నారాయణబాబుకు జమీని తిరిగి ఇచ్చారు గానీ పూర్తిగా కాదు. అంతవరకు విజయనగరానికి లోబడి ఉన్న కొండ జమీందారులను కంపెనీ నేరుగా తన కిందికి తెచ్చుకుంది. ఈ కాలంలో పొలం గట్టు దగ్గర నిలబడి ఇది ఎవరి సొంతం అని అడిగితే ఒక్క పేరు వచ్చేది కాదు. రాజుకు పైవాటా ఉండేది, రైతుకు దున్నుకునే హక్కు ఉండేది, గుడికో బ్రాహ్మణుడికో ఇనాం ఉండేది. ఒకే చేను మీద ఇన్ని హక్కులు.

ఈ అల్లికను 1802లో ఒక్క కాగితంతో విడగొట్టాలని చూశారు. ఆ ఏడు వచ్చిన 25వ రెగ్యులేషన్ జమీందారుకు భూమి మీద శాశ్వత యాజమాన్యం ఇచ్చింది. సర్కారు హక్కుపత్రంగా సనదు రాసిచ్చేది, జమీందారు ఒప్పుదలగా కబూలియతు రాసిచ్చేవాడు. ఎస్టేటు నుంచి సర్కారుకు రావాల్సిన రాబడి ఎంతో అంచనా కట్టి, అందులో దాదాపు మూడింట రెండు వంతులు పెష్కష్‌గా నిర్ణయించారు. ఆ మొత్తం ఎప్పటికీ మారదు. విజయనగరానికి 24 పరగణాలు, 1,157 ఊళ్ల మీద ఏటా 5 లక్షల రూపాయల పెష్కష్ పడింది.

అదే 1802లో 30వ రెగ్యులేషన్ కూడా వచ్చింది. జమీందారు ప్రతి రైతుకూ పట్టా ఇచ్చి తీరాలని దాని సారాంశం. భూమి జమీందారుదే అని ఒక శాసనం, రైతు నుంచి ఇంతకు మించి తీసుకోడానికి వీల్లేదని రాసివ్వమనే శాసనం ఇంకొకటి. తర్వాతి నూటయాభై ఏళ్ల వ్యాజ్యాలన్నిటికీ విత్తనం ఇక్కడే పడిందని ఈ వ్యాసం నమ్మకం. రైతు సంఘాలు, శాసనసభ, కోర్టులు అన్నీ ఈ రెండు కాగితాల మధ్యే తిరిగాయి.

సర్కారు నేరుగా అనుభవించే హవేలీ భూములను కూడా అప్పుడే ముక్కలు చేసి వేలం వేశారు. పాత గద్దెల పక్కన డబ్బు పెట్టి కొన్న జమీందారులు పుట్టుకొచ్చారు. పెష్కష్ బకాయి పడితే వాళ్ల ఎస్టేటు మళ్లీ వేలానికి వచ్చేది. కంపెనీకి వంశంతో పనిలేదు, గడువుకు సొమ్ము ముట్టడమే కావాలి.

పాలకొండ కథ దీనికి మంచి ఉదాహరణ. 1830ల తొలినాళ్లలో పర్లాకిమిడిలో, పాలకొండలో తిరుగుబాట్లు రేగాయి. వాటిని అణచడానికి జార్జి రస్సెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపారు. పాలకొండ జమీందారీని సర్కారు స్వాధీనం చేసుకుంది. తర్వాత దాన్ని మద్రాసులోని ఆర్బత్‌నాట్ కంపెనీకి గుత్తకిచ్చింది. వ్యాపార సంస్థ ఒకటి దశాబ్దాలపాటు పాలకొండ రైతు మీద శిస్తు వసూలు చేసింది. ఆ సంస్థే 1906లో దివాళా తీసి దక్షిణాదిలో వేలాది మంది దాచుకున్న సొమ్మును ముంచేసింది. రాజు, సర్కారు, వ్యాపారి ఒకరి తర్వాత ఒకరు పైకి వచ్చారు, పోయారు. కింద నాగలి పట్టినవాడు మారలేదు. అయినా ఈ చేతులు మారడంలో ఎక్కడా అతని సంతకం అడిగినవాళ్లు లేరు.

పైన గద్దెలున్నవాళ్ల చింత వేరు. అప్పులు. వారసుల మధ్య పంపకాలు, విలాసాలు, దావా ఖర్చులు కలిసి ఎస్టేట్లను కరిగించేస్తున్నాయి. పర్లాకిమిడితో పాటు పెద్ద సంస్థానాలు కొన్ని 19వ శతాబ్దంలో చాలాకాలం సర్కారు నడిపే కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అజమాయిషీలో నడిచాయి. చివరికి 1904లో మద్రాసు ప్రభుత్వం అవిభాజ్య ఎస్టేట్ల చట్టం చేసింది. జాబితాలోకెక్కిన సంస్థానం ముక్కలు కాకుండా ఒక్క వారసుడికే పోతుంది. తన తరం దాటి చెల్లేలా ఎస్టేటును అమ్మే అధికారం గానీ తాకట్టు పెట్టే అధికారం గానీ అతనికి లేదు. జర్మనీలోని పెద్ద భూస్వాములు కూడా ఇలాంటి ఏర్పాటే చేసుకున్నారు. ఫిడేకొమిస్ అనే కట్టుబాటుతో ఎస్టేటు తరతరాలుగా పెద్దకొడుక్కే పోయేది. వైమార్ రాజ్యాంగం 1919లో దాన్ని రద్దు చెయ్యాలని నిర్ణయించింది. మన దగ్గర అవిభాజ్యత అంతకంటే మూడు దశాబ్దాలు ఎక్కువే బతికింది.

రైతు వైపు నుంచి చూస్తే అసలు మలుపు 1908. ఆ ఏటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం జిరాయితీ (రైతులు పట్టాతో సాగు చేసే భూమి) రైతుకు వంశపారంపర్యంగా సాగు చేసుకునే హక్కు, ఆ హక్కును అమ్ముకునే హక్కు ఇచ్చింది. జమీందారు సొంత సేద్యంలో ఉన్న కంబత్తం భూమిని మాత్రం విడిగా ఉంచింది. ఫలానా చెక్క కంబత్తమని జమీందారు రుజువు చేసుకోవాలి, రుజువు కాకపోతే అది జిరాయితీయే. ఈ ఒక్క నియమం ఎన్ని కుటుంబాలను నిలబెట్టిందో లెక్కలేదు.

అయితే చట్టం రైతు అన్నది ఎవరిని? సంస్థానం ఇచ్చిన పట్టాలో ఎవరి పేరుంటే వాళ్లని. ఆ పట్టాదారు పొలాన్ని కౌలుకిస్తే, లేదా కంబారిని (పాలేరును) పెట్టి చేయిస్తే, బురదలో దిగిన మనిషికి ఈ చట్టం నుంచి ఒరిగింది ఏమీ లేదు. 1908 చట్టాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి పక్కన పెట్టడం న్యాయం కాదు.

1930లలో ఈ కథ కోర్టుల్లోంచి రోడ్డు మీదికొచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి ఆ రాష్ట్రం కోసం గట్టిగా పాటుపడ్డవారిలో ఒకరు. పట్నంతో పాటు ఎస్టేటులో కొంత భాగం ఒడిశాకు పోయింది. పాతపట్నంతో పాటు మిగతాది మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. ఈ విభజనను వ్యతిరేకించిన గిడుగు రామమూర్తి పంతులు తన జీవితంలో ఎక్కువ భాగం గడిపిన పర్లాకిమిడి వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మరుసటేడు కృష్ణచంద్ర గజపతి ఒడిశాకు తొలి ప్రధానమంత్రి అయ్యారు. అంటే పాతపట్నం రైతు శిస్తు కట్టే జమీందారు పక్క రాష్ట్రంలో ప్రభుత్వాధినేత. అదే 1937 ఎన్నికల్లో ఇటువైపు, అంతకుముందు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన బొబ్బిలి రాజా తన సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఎస్టేటు రైతులు ఓటు చేతికందగానే ఏం చేశారో చెప్పడానికి ఈ ఒక్క ఫలితం చాలు.

ఆ ఏడే ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర కదిలింది. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన వేసిన విచారణ సంఘం ఎస్టేటు ఊళ్ల సాక్ష్యాలు విని 1938లో నివేదిక ఇచ్చింది. భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేసే మధ్యవర్తి మాత్రమే అని అందులో తేల్చి చెప్పింది. 1802 సనదును తలకిందులు చేసిన తీర్పు ఇది. చట్టం అయ్యేలోపు 1939లో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. నివేదిక అటకెక్కింది.

ఊళ్లలో ఎవరూ ఆగలేదు. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. జమీందారు అడవిలో కట్టెలు కొట్టుకొచ్చిన రైతులను పట్టుకుపోతుంటే ఊరు అడ్డుపడింది. నిండు గర్భిణి సాసుమాను గున్నమ్మ, ఆమెతో పాటు మరికొందరు చనిపోయారు. వీరగున్నమ్మగా ఆమెను ఇప్పటికీ తలుచుకుంటున్నారు. ఆ రోజు తగాదా పొలం గురించి రాలేదన్నది గుర్తుపెట్టుకోవాలి. అడవి, బంజరు, చెరువు, మేతబీడు, వీటి మీద యాజమాన్యమే ఎస్టేటు రైతును రోజూ పీడించింది. పొలానికి పట్టా ఉన్నవాడు కూడా నాగలి కర్ర కోసం జమీందారు మనిషి ముందు చేతులు కట్టుకోవాల్సి వచ్చేది.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడే ఎస్టేట్లలో శిస్తులు తగ్గిస్తూ ఒక చట్టం, మరుసటేడు రద్దు చట్టం వచ్చాయి. 1948 నాటి 26వ చట్టం చదివితే గున్నమ్మ ఊరి గొడవకు జవాబు మూడో సెక్షన్‌లోనే కనిపిస్తుంది. ఉమ్మడి భూములు, పోరంబోకులు, బంజర్లు, మేతబీళ్లు, లంకలు, అడవులు, గనులు, క్వారీలు, నదులు, వాగులు, చెరువులు, చేపల హక్కులు, రేవులు, అన్నీ పేరుపేరునా చెప్పి ప్రభుత్వానికి దఖలు చేశారు. 1949లో ఎస్టేట్ల స్వాధీనం మొదలైంది. రెవెన్యూ లెక్కలో అది ఫసలీ 1359.

పదకొండో సెక్షన్ జిరాయితీ భూమికి రైత్వారీ పట్టా రైతుకే ఇచ్చింది. దానికి తగిలించిన షరతు ఆనాటి జమీందారుల ఎత్తుగడలు ఎలా ఉండేవో పట్టి ఇస్తుంది. 1945 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ జమీందారు ఎవరినైనా భూమిలో ప్రవేశపెట్టి ఉంటే, ప్రభుత్వం పరిశీలించి ఒప్పుకుంటే తప్ప వాళ్లకు పట్టా రాదు. రద్దు తప్పదని తెలిశాక అయినవాళ్లకు బంజర్లు రాసిపెట్టడానికి వేసిన అడ్డుకట్ట అది. తరువాతి దశాబ్దాల్లో సెటిల్‌మెంటు ఆఫీసుల్లో నడిచిన తగాదాలు చాలావరకు ఈ తేదీ చుట్టూ, కంబత్తమా జిరాయితీయా అన్న ప్రశ్న చుట్టూ తిరిగాయి. జమీందారుకు పరిహారం కూడా మెట్లు మెట్లుగా కట్టారు. ఎస్టేటు చిన్నదైతే నిర్ణయించిన ఏటి మొత్తానికి 30 రెట్లు, మరీ పెద్దదైతే ఆ స్థాయి రాబడికి 12.5 రెట్లు.

సర్వే, సెటిల్‌మెంటు జరిగిన తీరును ఒక పొలం దగ్గర నిలబడి చూస్తే ఆ మార్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. అంతవరకు రైతు తన చేనును ఎన్ని కుంచాల విత్తనం పడుతుందో దాన్ని బట్టి చెప్పేవాడు. పక్క చెట్టు, వాగు, ఎదురుగా ఉన్న గట్టు హద్దులు. కరణం కవిలెలో సంస్థానం లెక్క ఉండేది. ఇప్పుడు గొలుసు వేసి కొలిచి, రాళ్లు పాతి, ప్రతి చెక్కకూ ఒక నంబరు ఇచ్చి, ఎకరాల సెంట్లలో విస్తీర్ణం రాసి, పల్లమా మెట్టా అని తరగతి కట్టి, చివరి గడిలో పట్టాదారు పేరు రాశారు. ఆ చివరి గడిలోకి ఎక్కిన పేరు ఇవాళ్టి అడంగల్ (ఊరి భూముల లెక్క) దాకా వచ్చింది. ఎక్కనివాడు, అంటే కౌలుదారు, కంబారి, కరణం ఇంటికి వెళ్లి అడగడానికి జంకినవాడు, ఆ రోజుతో భూమిలేనివాడిగా మిగిలాడు. జమీందారీ రద్దు గొప్ప పనే, అందులో అనుమానం లేదు. కానీ దాని ఫలం ఊళ్లో అప్పటికే కాగితం ఉన్నవాడి దగ్గరే ఆగింది.

ఒడిశాలో ఏం జరిగింది? అక్కడ రద్దు చట్టం 1952లో గానీ అమల్లోకి రాలేదు. పర్లాకిమిడి మహారాజా, మరికొందరు జమీందారులు దాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకెళ్లారు. వ్యవసాయ ఆదాయపు పన్ను పెంచడం పేరుకే పన్ను, నికరాదాయం తగ్గించి పరిహారాన్ని కోసెయ్యడానికే ఆ ఎత్తు అని వాదించారు. 1953లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. శాసనసభకు చట్టం చేసే అధికారం ఉందా లేదా అన్నదే చూడాలి, దాని ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నది తమ పని కాదు అంది. కె.సి. గజపతి నారాయణ్ దేవ్ కేసును దేశంలో న్యాయశాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ ఇప్పటికీ చదువుతాడు. ఆ కేసు మూలం మహేంద్రతనయ ఒడ్డున ఉందని మాత్రం మన పిల్లలకు ఎవరూ చెప్పరు. ఇటువైపు మద్రాసు చట్టాన్ని 1951లో తొలి రాజ్యాంగ సవరణే తొమ్మిదో షెడ్యూలులో చేర్చి కాపాడింది.

తూర్పు జర్మనీ పాత ఎస్టేట్ల సంగతి దీని పక్కన పెట్టి చూడాలి. 1807లో ప్రష్యా రైతును కట్టుబానిసత్వం నుంచి విడిపించింది. 1811 శాసనం ప్రకారం భూమి సొంతం కావాలంటే రైతు తన చేనులో మూడో వంతో సగమో దొరకే వదులుకోవాలి. విముక్తి వల్ల ఎస్టేట్లు ఇంకా పెరిగాయి. 1945లో సోవియట్ అధీనంలోని ప్రాంతంలో 100 హెక్టార్లు దాటిన ఎస్టేట్లన్నిటినీ పైసా పరిహారం లేకుండా లాక్కుని పంచేశారు. 1990లో దేశం మళ్లీ ఒక్కటైనా ఆ భూములు పాత యజమానులకు తిరిగి రాలేదు. మన దగ్గర జమీందారుకు పరిహారం ముట్టింది, కోటా కంబత్తమూ మిగిలాయి. విజయనగరం పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటను, భూములను చదువుకు అప్పగించారు. కోరుకొండ రాజభవనంలో 1962 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. అలా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. చట్టం మాత్రం ఎవరినీ అలా ఇమ్మని అడగలేదు.

కొండ మీద మాత్రం కథ ఇంకో దారిలో నడిచింది. 1839లోనే మన్యాన్ని మామూలు చట్టాల నుంచి తప్పించి ఏజెన్సీగా ఉంచారు. గిరిజనుడి భూమి ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు పోకూడదని 1917లో చట్టం చేశారు. అయినా సవర, జాతాపు రైతుల కొండ కింది పల్లం చెక్కలు సారా బాకీల్లో, తిండిగింజల బాకీల్లో షావుకార్ల పాలయ్యాయి. జమీందారు పోయాడు, షావుకారు ఉన్నాడు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్లు కూడగట్టిన ఉద్యమం ఆ తర్వాత సాయుధ పోరాటంగా మారింది. ప్రభుత్వం ఓ పక్క దాన్ని అణచింది, ఇంకో పక్క 1970లో భూ బదలాయింపు నిబంధనలను బిగించింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం భావిస్తుంది, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. 1908లో జిరాయితీ రైతుకు దొరికిన రక్షణ కొండ రైతుకు చేరడానికి అరవై రెండేళ్లు పట్టింది, అదీ రక్తం చిందాక.

వంశధార మీద హిరమండలం జలాశయం కట్టినప్పుడు ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అలాంటి రోజున పట్టా ఉన్నవాడి పరిహారం వేరు, తాత కాలం నుంచి చేస్తున్నా పేరెక్కనివాడి గతి వేరు. రాష్ట్రమంతటా భూముల రీసర్వే 2020 డిసెంబరులో మొదలైంది. జర్మనీలో భూమి రిజిస్టరులో ఉన్న పేరుకు చట్టమే అండగా నిలుస్తుంది. మన దగ్గర రిజిస్ట్రేషన్ దస్తావేజుకే గానీ హక్కుకు కాదు. ఆ తేడా పోగొట్టే పేరుతో తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం జనంలో భయం పుట్టించి 2024లో రద్దయింది. భయపడటంలో రైతు తప్పు లేదు. 1949 తర్వాతి సెటిల్‌మెంటులో చివరి గడిలో పడిన తప్పు దిద్దించుకోడానికి రెండు తరాలు తిరిగిన కుటుంబాలు ఉత్తరాంధ్రలో ఊరూరా ఉన్నాయి.

డ్రోన్లతో కొత్త కొలతలు తియ్యడం కంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. గంజాం, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల రికార్డు గదుల్లో చెదిరి ఉన్న ఎస్టేటు పట్టాలు, కవిలెలు, సెటిల్‌మెంటు విచారణ కాగితాలు ఒక్కచోటికి తెచ్చి, తెలుగులో రాసిన వాటిని తెలుగులోనే చదివేలా గ్రామ సచివాలయంలో పెట్టాలి. ఒడిశా వైపు ఉన్న పర్లాకిమిడి దస్త్రాల నకళ్లు రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని తెప్పించాలి. అడంగల్‌లో తన పేరు లేని రైతు, 1945 జూలై 1కి ముందే తన తాత ఆ చేనులో ఉన్నాడని చూపించుకోగలిగేది ఆ కాగితాల్లోంచే.